ధవళేశ్వరం మట్టం, మారని వేరియబుల్: ఒక వరద సమాచార పత్రం కేస్ స్టడీ

ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు చేరితే రెండోది, 17.75కు చేరితే మూడోది జారీ అవుతుంది. నది మధ్యనున్న లంకల్లో పుట్టి పెరిగినవారికి ఈ మూడు అంకెలు ఎక్కాల మాదిరిగా నోటికి వస్తాయి. అయినా వీటిని ఒక ప్రోగ్రాములో సరిగ్గా రాయడానికి నాకు ఒక వరద కాలం మొత్తం పట్టింది. ప్రోగ్రాము రాసిన భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0. ట్యాగుల మధ్య సమాచారం దాచే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను వేరే రూపాల్లోకి మార్చే భాష ఇది. అందులో ఒక వేరియబుల్‌కు, అంటే విలువను దాచుకునే పేరుకు, ఒకసారి విలువ ఇస్తే దాన్ని మళ్లీ మార్చే వీలు లేదు. షరతును బట్టి విలువ ఇవ్వాలన్నప్పుడు ఈ ఒక్క నియమం వల్ల ఎక్కడెక్కడ పొరపాట్లు దొర్లుతాయో, వాటిని మేము ఎలా సరిచేసుకున్నామో ఇదే భాషలో, లేదా ఇలాంటి మరో భాషలో పనిచేసేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను అమలాపురంలో చిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేస్తాను. లంక గ్రామాల యువకులు కొందరు కలిసి నడుపుకునే ఒక స్వచ్ఛంద బృందం తమ కోసం ఒక పేజీ సమాచార పత్రం తయారుచేసి పెట్టమని అడిగింది. అధికారులు ప్రకటించే మట్టాన్ని గంటగంటకూ ఒక కార్యకర్త కంప్యూటర్‌లో నమోదు చేస్తాడు. ఆ నమోదులన్నీ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో వరుసగా చేరతాయి. ఆ ఒక్క ఫైలు నుంచే రేవు దగ్గర, పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించే కాగితమూ, ఫోన్లకు పంపే చిన్న సందేశమూ, బృందం దగ్గర ఉండే రోజువారీ పట్టికా రావాలి. ఒకే సమాచారాన్ని మూడు రూపాల్లోకి మార్చడం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి సహజమైన పని. పైగా బృందం గదిలో ఉన్న పాత కంప్యూటర్‌లో ఈ భాషను నడిపే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే ప్రాసెసర్ అప్పటికే ఉంది, నెట్ పోయినా అది పనిచేస్తుంది. వరద రోజుల్లో మా ప్రాంతంలో కరెంటు, నెట్ ఎలా ఉంటాయో తెలిసినవారికి ఈ ఎంపికకు వేరే కారణం చెప్పనక్కరలేదు.

తప్పు బయటపడిన రాత్రి

ఆ ఏడాది మొదటిసారి నీరు పెరిగిన రాత్రి రేవు దగ్గర అతికించిన కాగితం మీద పైన "నీటిమట్టం: 11.90 అడుగులు" అనీ, దాని కిందనే "ప్రమాద హెచ్చరిక: లేదు" అనీ వచ్చింది. దాన్ని పట్టుకున్నది పడవ నడిపే ఒక పెద్దాయన. కార్యకర్త ఫోను తీసుకుని నాతోనే మాట్లాడారు: "ఏవండీ బాబూ, పన్నెండడుగులకి దగ్గరపడితే హెచ్చరిక లేదని రాశారేంటండీ? ఈ కాయితం చూసి ఎవరన్నా గొడ్లని లంకలోనే వదిలేస్తే ఏం చేస్తామండీ?" కాగితం వెంటనే తీయించి, చేత్తో రాసినది పెట్టించాను. తప్పు కాగితం గోడ మీద ఉన్నది కొద్దిసేపే అయినా, ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. చాలా ఏళ్లుగా ఇతర భాషల్లో పనిచేసిన అలవాటుతో నేను ముందు "హెచ్చరిక" అనే వేరియబుల్‌కు "లేదు" అన్న విలువ ఇచ్చి, దాని కింద ఒక ఇఫ్ (షరతు) పెట్టి, మట్టం 11.75 అయినా దాటినా అదే పేరుతో "మొదటి ప్రమాద హెచ్చరిక" అని మళ్లీ రాశాను. రెండూ ఒకే టెంప్లేట్‌లో, అంటే ప్రోగ్రాములోని ఒకే భాగంలో, ఉన్నంతసేపు ప్రోగ్రాము నడవలేదు, ఎర్రర్ వచ్చింది. ఒక టెంప్లేట్‌లో పెట్టుకున్న వేరియబుల్‌ను అదే టెంప్లేట్‌లో లోపలి పేరు కప్పేయడం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 ప్రమాణం ప్రకారం తప్పు. ఆ ఎర్రర్ ఏం చెబుతోందో ఆలోచించకుండా, "లేదు" అన్న తొలి విలువను టెంప్లేట్ బయటకు, ఫైలు పైభాగానికి జరిపాను. ఎర్రర్ పోయింది. పోతుంది కూడా, ఎందుకంటే ఫైలు మొత్తానికి వర్తించే వేరియబుల్ పేరును టెంప్లేట్‌లోని వేరియబుల్ కప్పేయడానికి అదే ప్రమాణం అనుమతి ఇస్తుంది.

అసలు జరిగింది ఇది. ఇఫ్ లోపల పుట్టిన "హెచ్చరిక" వేరు, పైన ఉన్న "హెచ్చరిక" వేరు. పేరు ఒకటే కావచ్చు, మనుషులు ఇద్దరు. లోపలిది ఇఫ్ ముగిసే దగ్గరే ముగిసిపోయింది. ఆ తర్వాతి వాక్యంలో కాగితం మీద అచ్చు వేయమన్నప్పుడు ప్రోగ్రాముకు కనిపించినది పైనున్నదే, దాని విలువ "లేదు". మట్టం ఎంత ఉన్నా ఆ కాగితం ఎప్పటికీ అదే మాట చెప్పేది. ముందు రోజుల్లో మేము పరీక్షించినప్పుడు గోదావరి 9, 10 అడుగుల్లో ఉండడం వల్ల వచ్చిన జవాబు ప్రతిసారీ సరిగ్గానే కనిపించింది.

చలరాశి అన్న మాట గురించి

బడిలో మనకు వేరియబుల్‌ను చలరాశి అని నేర్పారు. చలించే రాశి కాబట్టి ప్రోగ్రాము నడుస్తుండగా దాని విలువ మారుతుందని మనం సులువుగా ఒప్పేసుకుంటాం. కానీ అదే లెక్కల పుస్తకంలో ఒక సమస్య సాధిస్తున్నంతసేపు ఎక్స్ విలువ మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఒకటే ఉంటుంది. ఎక్స్ అంటే ఎక్స్ కూడిక ఒకటి అని నల్లబల్ల మీద రాస్తే ఏ లెక్కల మాస్టారూ ఊరుకోరు. ఒక సమస్య నుంచి మరో సమస్యకు విలువ వేరు కావచ్చు గానీ, ఒక సమస్యలో అది స్థిరం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో వేరియబుల్ సరిగ్గా ఆ లెక్కల చలరాశి. ప్రమాణం 1999 నవంబరు 16న జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో వెలువడినప్పుడే ఈ నియమం అందులో ఉంది. ఒక టెంప్లేట్ చేసిన పని మరో టెంప్లేట్‌లో విలువలను చాటుగా మార్చలేదు కాబట్టి, ప్రాసెసర్ తనకు అనువైన వరుసలో వాటిని నడుపుకోవచ్చు, ఏ వరుసలో నడిపినా జవాబు ఒకటే వస్తుంది.

ఇది అర్థమైన తర్వాత నేను నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నే తప్పని తెలిసింది. "హెచ్చరికను ఎప్పుడు మార్చాలి?" అని అడుగుతూ వచ్చాను. అడగవలసింది "ఈ మట్టానికి హెచ్చరిక ఏది?" అని. మొదటి ప్రశ్న అడిగితే షరతు లోపల పేరు పెడతాం, రెండోది అడిగితే పేరు లోపల షరతు పెడతాం. వేరియబుల్ బయట ఉంటుంది, చూజ్, అంటే షరతుల జాబితా, దాని లోపలికి వెళుతుంది, అందులో ఏ వెన్ (ఒక్కో షరతు) నిజమైతే దాని లోపలి పాఠమే (టెక్స్ట్) ఆ వేరియబుల్ విలువ అవుతుంది, ఏదీ నిజం కాకపోతే అదర్‌వైజ్‌లో ఉన్నది అవుతుంది. మా ఫైలులోని వరుసను తెలుగులో విడమరిచి రాస్తే ఇలా ఉంటుంది:

వేరియబుల్ హెచ్చరిక
— చూజ్
—— వెన్ మట్టం 17.75 లేదా ఎక్కువ: మూడో ప్రమాద హెచ్చరిక
—— వెన్ మట్టం 13.75 లేదా ఎక్కువ: రెండో ప్రమాద హెచ్చరిక
—— వెన్ మట్టం 11.75 లేదా ఎక్కువ: మొదటి ప్రమాద హెచ్చరిక
—— అదర్‌వైజ్: హెచ్చరిక లేదు

పెద్ద అంకె పైన ఉండడం ముఖ్యం. చూజ్ పై నుంచి చూసుకుంటూ వచ్చి మొదట నిజమైన వెన్ దగ్గరే ఆగిపోతుంది. వరుస తలకిందులైతే 18 అడుగుల నీటికి కూడా మొదటి హెచ్చరికే వస్తుంది.

అంకెల విషయంలో ఒక చిన్న మాట. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లోపల విలువలు తీయడానికి, పోల్చడానికి వాడే ఎక్స్‌పాత్ 1.0 అనే చిన్న భాషలో అంకెలన్నీ బైనరీలో దాచే దశాంశాలే కాబట్టి పోలికల్లో వెంట్రుకవాసి తేడాలు వస్తాయేమోనని మొదట భయపడ్డాను. ధవళేశ్వరం అంకెలు మూడూ ముప్పావు దగ్గర ఆగుతాయి, ముప్పావు బైనరీలో కచ్చితంగా ఇముడుతుంది, కాబట్టి 11.75ను 11.75తో పోల్చినప్పుడు సందేహం లేదు. కానీ గంటలో ఎంత పెరిగిందని 12.10లోంచి 12 తీసివేస్తే 0.10 రాదు, 0.0999 అంటూ పొడుగాటి అంకె వస్తుంది. దాన్ని ఫార్మాట్ నంబర్ అనే ఫంక్షన్‌తో రెండు స్థానాలకు కుదించి అచ్చు వేస్తున్నాం.

ఖాళీ గడి

పై వరుసను ఫైలులో పెట్టిన వారానికే దానిలో రెండో తప్పు కనిపించింది. నా దృష్టిలో ఈ మొత్తం కేసులో అతి ప్రమాదకరమైనది ఇదే. ఒక అర్ధరాత్రి కార్యకర్త మట్టం గడిలో "12.40 అ." అని, అడుగులకు పొట్టి రూపం కలిపి రాశాడు. మనిషి చదివితే అందులో తప్పేమీ లేదు. ఎక్స్‌పాత్ మాత్రం అంకె చివర అక్షరం కనిపించగానే ఆ మొత్తాన్ని అంకె కాదని తేల్చి, "నాట్ ఎ నంబర్" అనే ప్రత్యేక విలువగా మారుస్తుంది. గడి ఖాళీగా వదిలేసినా అంతే. ఈ విలువ దేనికంటే ఎక్కువా, తక్కువా, దేనితో సమానమా అని అడిగినా జవాబు అబద్ధమే: 17.75 కంటే ఎక్కువా అంటే కాదు, 13.75 కంటే ఎక్కువా అంటే కాదు, 11.75 కంటే ఎక్కువా అంటే కాదు. మూడు వెన్‌లూ తప్పాయి కాబట్టి ప్రోగ్రాము నేరుగా అదర్‌వైజ్‌కు వెళ్లి "హెచ్చరిక లేదు" అని చెప్పింది. మట్టం తెలియని స్థితిని ప్రమాదం లేని స్థితిగా చూపించింది. ఈసారి కాగితం గోడ ఎక్కకముందే కార్యకర్తే గమనించి ఆపాడు.

మార్చగలిగే వేరియబుల్ ఉన్న భాషలో కూడా ఈ తప్పు జరుగుతుంది, అక్కడ ముందే "లేదు" అని పెట్టుకునే అలవాటు దీనికి ఇంకా దారి తీస్తుంది. విలువ మారని భాషలో ఒక మేలు ఉంది. వేరియబుల్ పొందగల విలువలన్నీ ఒకేచోట, కళ్లెదుట, చూజ్ లోపల ఉంటాయి. ఫైలులో ఇంకెక్కడా దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. ఆ నాలుగు వరుసలను చదువుతూ "ఇందులో దేనికీ చెందని పరిస్థితి ఏది?" అని అడిగితే చాలు. అందుకే "హెచ్చరిక లేదు" అన్న జవాబుకు కూడా సొంత వెన్ ఇచ్చాం: మట్టం 11.75 కంటే తక్కువని నిరూపణ అయితేనే ఆ మాట వస్తుంది. అదర్‌వైజ్‌లో "మట్టం అందలేదు, రేవు దగ్గర కనుక్కోండి" అని పెట్టాం. తక్కువ గుర్తును ఎక్స్‌ఎంఎల్ యాట్రిబ్యూట్‌లో (ట్యాగు లోపల షరతు రాసే చోట) నేరుగా రాయకూడదు, దానికి కేటాయించిన ఎంటిటీ అనే సంకేత రూపంలోనే రాయాలి. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి చాలామంది ఎక్కువ గుర్తుతోనే అన్ని షరతులూ రాసి, మిగిలినదాన్ని అదర్‌వైజ్‌కు వదిలేస్తారు. నేనూ మొదట చేసింది అదే.

ఈ దశలో నాకు తెలిసిన ఒక మిత్రుడు చాలా పొట్టి పద్ధతి సూచించాడు. ఎక్స్‌పాత్‌లో నిజాన్ని అంకెగా మారిస్తే 1, అబద్ధాన్ని మారిస్తే 0 అవుతుంది. కాబట్టి మట్టాన్ని 11.75తో, 13.75తో, 17.75తో పోల్చిన మూడు జవాబులను కూడితే హెచ్చరిక అంకె 0 నుంచి 3 వరకు నేరుగా వచ్చేస్తుంది, చూజ్ అవసరమే లేదు. చూడముచ్చటైన వరుస. అయినా తీసుకోలేదు. ఖాళీ గడికి అది 0 ఇస్తుంది, 0 అంటే మళ్లీ "హెచ్చరిక లేదు". అందంగా, ఒకే వరుసలో, అదే తప్పు.

ఎప్పుడూ పెరుగుతున్న గోదావరి

మూడో తప్పు చిన్నదే గానీ, దాని వెనకున్న కారణం తెలియనివారిని గంటల తరబడి తిప్పుతుంది. నీరు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది హెచ్చరిక అంకె కంటే లంకవాసులకు ఒక్కోసారి ముఖ్యం. "పెరుగుదల" అనే వేరియబుల్ లోపల చూజ్ పెట్టి, ఈ గంట మట్టం పోయిన గంట కంటే ఎక్కువైతే "అవును" అని, లేకపోతే ఏమీ లేకుండా వదిలేశాను. కింద ఇఫ్‌లో "పెరుగుదల" ఉంటే "నీరు పెరుగుతోంది" అని అచ్చు వేయమన్నాను. నీరు తగ్గుతున్నా అదే మాట వచ్చింది.

వేరియబుల్‌కు సెలెక్ట్ అనే యాట్రిబ్యూట్ ద్వారా విలువ ఇవ్వడానికీ, దాని లోపల పాఠం పెట్టి ఇవ్వడానికీ 1.0లో పెద్ద తేడా ఉంది. లోపల పాఠం పెడితే ఆ విలువ అంకె గానీ, అక్షరాల వరుస (స్ట్రింగ్) గానీ, నిజాబద్ధం గానీ కాదు. రిజల్ట్ ట్రీ ఫ్రాగ్మెంట్ అనే చిన్న చెట్టు అవుతుంది. చెట్టులో ఆకులేవీ లేకపోయినా మొదలు ఉంటుంది, మొదలు ఉన్నదాన్ని ఇఫ్ నిజంగానే లెక్కిస్తుంది. కాబట్టి ఖాళీ చూజ్ కూడా నిజమే. లోపల "కాదు" అని రాసినా నిజమే. పరిష్కారం సులువు: ఈ గంట మట్టం పోయిన గంట కంటే ఎక్కువ అన్న పోలికనే సెలెక్ట్‌లో రాయడం. అప్పుడు వేరియబుల్‌లోకి అసలైన నిజమో అబద్ధమో వచ్చి కూర్చుంటుంది, చూజ్ అవసరం లేదు. ఫలితం అవును, కాదు రూపంలో ఉన్న ప్రతిచోటా మేము ఇప్పుడు ఇలాగే రాస్తున్నాం. చూజ్ తప్పని చోట వచ్చిన విలువను వాడేముందు నంబర్ ఫంక్షన్‌తో గానీ, స్ట్రింగ్ ఫంక్షన్‌తో గానీ దాని అసలు రూపంలోకి తెచ్చుకుంటున్నాం.

నిన్నటి విలువను మోయకుండా

హెచ్చరిక ఉపసంహరణ ప్రకటన మరో సంగతి. 17.75 నుంచి మట్టం కిందికి దిగితే మూడో హెచ్చరిక ఎత్తేసి రెండోది కొనసాగిస్తారు, ఆ మాట కాగితం మీద రావాలి. ఇతర భాషల్లో అయితే "గత హెచ్చరిక" అన్న వేరియబుల్‌ను లూపులో మోసుకుంటూ, ప్రతి గంటకూ మార్చుకుంటూ పోతాం. ఇక్కడ మోయడానికి వీలు లేదు. నిజానికి మోయాల్సిన పనీ లేదు, ఎందుకంటే గత గంట మట్టం ఫైలులోనే ఉంది. మట్టాన్ని ఇస్తే హెచ్చరిక అంకెను ఇచ్చే టెంప్లేట్ ఒకటి రాసి, దాన్ని రెండుసార్లు పిలిచాం: ఈ గంట నమోదుతో ఒకసారి, ప్రీసీడింగ్ సిబ్లింగ్‌లో (ఫైలులో దీనికి ముందున్న నమోదుల్లో) మొదటిదైన పోయిన గంట నమోదుతో ఒకసారి. రెండు వేరియబుల్స్, రెండు వేర్వేరు పేర్లు, ఏదీ మారదు. కొత్త అంకె చిన్నదైతే ఉపసంహరణ, పెద్దదైతే జారీ, సమానమైతే కొనసాగింపు. మట్టం తెలియని గంటకు టెంప్లేట్ ఖాళీ ఇస్తుంది కాబట్టి పోలిక ఎటూ నిజం కాదు, ఉపసంహరించామని తప్పుడు మాట రాదు. ఖాళీ గడి గుణం ఇక్కడ మనకు అనుకూలంగా పనిచేస్తుంది.

ఒక్కచోట మాత్రం నిజంగా లెక్క మోయాల్సి వచ్చింది. "రెండో హెచ్చరిక ఎన్ని గంటలుగా కొనసాగుతోంది?" అన్న వరుస కావాలని రేవు దగ్గరివారు అడిగారు, పశువులకు మేత ఎన్నిరోజులకు సరిపడా తెచ్చుకోవాలో వారు దాన్నిబట్టి అంచనా వేసుకుంటారు. దీనికి టెంప్లేట్ తనను తానే పిలుచుకోవాలి. దానికి రెండు పారామీటర్లు (పిలిచేటప్పుడు అందించే విలువలు): ఒక గంట నమోదు, అప్పటిదాకా లెక్క. ఆ గంట హెచ్చరిక అంకె ఇప్పటిదే అయితే, ముందు గంట నమోదును, లెక్కకు ఒకటి కలిపిన కొత్త విలువను ఇచ్చి మళ్లీ తనను పిలుచుకుంటుంది. వేరైతే, లేదా నమోదులు అయిపోతే, చేతిలో ఉన్న లెక్కను అచ్చు వేసి ఆగిపోతుంది. ప్రతి పిలుపులోనూ "లెక్క" కొత్తగా పుడుతుంది, పాతది తన పిలుపులో తాను అలాగే ఉంటుంది. వారం రోజుల వరదకు గంటకొక నమోదు చొప్పున 168 మెట్ల లోతు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ మామూలుగా అనుమతించే లోతు 3000 కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు.

2007 జనవరిలో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 ప్రమాణంలో ఎక్స్‌పాత్‌లోనే ఇఫ్, దెన్, ఎల్స్ ఉన్నాయి కాబట్టి షరతంతా సెలెక్ట్‌లోనే ఇమిడిపోతుంది, చెట్టు తంటా ఉండదు. వేరియబుల్ ఏ రకం విలువ పట్టాలో కూడా ముందే ప్రకటించవచ్చు. సాక్సన్ లాంటి ప్రాసెసర్ పెట్టుకోగలిగినవారు అదే వాడడం మంచిది. మా దగ్గర ఉన్న ప్రాసెసర్ 1.0 వరకే కాబట్టి పాత దారిలోనే నడిచాం.

ఇప్పుడు ఏటా జూన్‌లో, నైరుతి రుతుపవనాలు రాగానే, బృందం ఒక పరీక్ష ఫైలును నడిపి చూస్తుంది. అందులో 11.74, 11.75, 13.74, 13.75, 17.74, 17.75 ఉన్నాయి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం చూసిన 24.55 ఉంది. ఒక ఖాళీ గడి ఉంది, "12.40 అ." కూడా అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. ప్రతిదానికీ ఏ మాట రావాలో పక్కన చేత్తో రాసిన కాగితం ఉంది, దాన్ని పడవ పెద్దాయన చేత చదివించే ఖరారు చేశాం. ఆ తొలి వరద కాలం ముగిసేలోపు గోడ మీద "మట్టం అందలేదు" అన్న కాగితం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ రేవు నుంచి మనిషి వెళ్లి కనుక్కుని, పది నిమిషాల్లో అంకె చెప్పాడు.